తిన్నవాళ్ళే చెయ్యి చాపండి

రక్తం పిండే పని

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా అత్తగారు "ఏముందమ్మా, మా కోడలు రక్తం పిండుతుంది" అనేవారు. ఆవిడకు నా మీద కోపమేమీ లేదు. కోడలు డాక్టరే గానీ మందు రాయదు, కాన్పు చెయ్యదు, ఇంటికొచ్చిన చుట్టాలు నాడి చూడమంటే "నా పని అది కాదండీ" అంటుంది. ఇక ఏం డాక్టరని చెప్పుకుంటారు పాపం! విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మేడమ్, మీ రోజుల్లో ఎలా ఉండేది?" అని అడుగుతుంటారు. వాళ్ళకు కాఫీ ఇచ్చి చెప్పే కబుర్లే ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గోల, ఫైళ్ళ గోల రాయను. అవి నాకే గుర్తు లేవు, ఉన్నా మీకెందుకు?

సీసాలు, సూదులు, మైక్రోస్కోపు ఎవరికైనా కొన్నాళ్ళకు చేతికొచ్చేస్తాయి. ఎదుటి మనిషిని అడగడం మాత్రం అంత తొందరగా రాదు. నాకు అది నేర్పినవాళ్ళు ముగ్గురు. ఒకాయన సర్జను, ఒకాయన ప్రభుత్వాధికారి, ఒకాయన వన్ టౌన్‌లో వ్యాపారి. ముగ్గురూ వాళ్ళ వాళ్ళ పనిలో పెద్ద తలకాయలే. ముగ్గురి దగ్గరా నేను కోపంతోనే మొదలుపెట్టాను. నా స్వభావం అంత.

డెబ్భైల చివరి రోజులవి. పోర్టులో పని పెరుగుతోంది. స్టీల్ ప్లాంటు వస్తోందని కూర్మన్నపాలెం వైపు లారీలు దుమ్ము లేపుకుంటూ తిరుగుతున్నాయి. ఊరు పెరిగితే దెబ్బలూ పెరుగుతాయి. క్రేను కింద నలిగిన కాలు, లారీ గుద్దిన తల, కాన్పులో ఆగని రక్తం, అన్నీ మా గుమ్మంలోకే వచ్చేవి. మా దగ్గర ఉండేది మాత్రం కొన్న రక్తమే. ఆసుపత్రి గేటు పక్క గోడ నీడలో కొందరు బీడీలు కాల్చుకుంటూ కూర్చునేవారు. రక్తం అమ్ముకోవడమే వాళ్ళ బతుకుతెరువు. ఇవాళ ఇచ్చినవాడు నాలుగు రోజులకే పేరు మార్చుకుని మళ్ళీ వచ్చేవాడు. వాళ్ళను తిట్టి ఏం లాభం, ఆకలి వాళ్ళది. కానీ ఆ రక్తం సీసాలోనే వెలవెలబోతూ కనబడేది.

అప్పుడు మా సూపరింటెండెంటు డాక్టర్ అవధాని గారు. నుదుట విభూతి, చేతిలో ఎప్పుడూ ఒక జేబురుమాలు, ఎక్కడికెళ్ళినా ముందే వినబడే గొంతు. గుండె ఆపరేషన్లు చేసే చెయ్యి. ఒకరోజు నా గదిలోకొచ్చి ఒక సీసాను వెలుతురుకెత్తి చూసి, "ఇది రక్తమా, రంగునీళ్ళా?" అన్నారు. ఆ వారమే కొనడం ఆపేశారు.

"మరి రక్తం ఎక్కణ్ణుంచి వస్తుందండీ?" అన్నాను.

"జనం ఇస్తారు."

"జనం ఎందుకిస్తారండీ?"

"మీరు అడుగుతారు కనుక," అని నవ్వుతూ వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పై వాళ్ళు ఆదర్శాలు చెప్పేసి వెళ్ళిపోతే కింద వాళ్ళు చావాలా? ఇప్పటికీ నా అభిప్రాయం అదే. ఆయన కొనడం ఆపడం మంచిదే. కానీ ప్రత్యామ్నాయం చూసుకోకుండా ఆపడం తొందరపాటు. ఆ తొందరపాటు భారం ఒక ఆడపిల్ల మీద పడింది.

ఆ పిల్ల పేరు నూకరత్నం. రుషికొండ దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పేట నుంచి వచ్చింది. చేపలు పట్టే కుటుంబం. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండెలో ఒక కవాటం మూసుకుపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, పడుకుంటే దగ్గు. మంచం మీద మోకాళ్ళకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేది. అయినా పక్క మంచం వాళ్ళను నవ్విస్తూ ఉండేది. ఆపరేషన్ చేస్తే బతుకుతుంది, చెయ్యకపోతే బతకదు. అంతే. ఆపరేషన్‌కు కొత్త రక్తం చాలా కావాలి. అది లేక ఆమె ఆపరేషన్ ఒకసారి వాయిదా పడింది, మళ్ళీ వాయిదా పడింది.

ఆమె మొగుడు ఎర్రయ్య మంచివాడే. "మీ పేటలో కుర్రాళ్ళను తీసుకురావయ్యా" అంటే "అలగేనమ్మా" అనేవాడు. మర్నాడు ఒక్కడే వచ్చేవాడు. తన గ్రూపు ఆమెకు సరిపోదు. మిగతావాళ్ళేరీ అంటే తల దించుకునేవాడు. నేను ఆ పేట పెద్దల్ని పిలిపించి కూడా మాట్లాడాను. వాళ్ళూ "అలగేనమ్మా" అన్నారు. ఆ మాటను సరేనని అర్థం చేసుకున్నాను. అది మర్యాద కోసం అన్న మాటని తెలియడానికి టైం పట్టింది.

అరువిచ్చిన అటెండరు

జిల్లాలో రాఘవన్ గారని ఒక ఐఏఎస్ అధికారి ఉండేవారు. తమిళాయన, చిన్న వయసు. తెలుగు పుస్తకాల్లో చదివి నేర్చుకున్నారేమో, గదిలోకి వెళ్ళగానే "దయచేసి ఆసీనులు కండి" అనేవారు. నవ్వాపుకోలేక చచ్చేదాన్ని. మా ఇబ్బంది తెలుసుకుని ఆయన ఉత్సాహంగా ఒక ఆర్డరు వేశారు. ప్రతి ప్రభుత్వాఫీసు నుంచీ వారం వారం కొందరు వచ్చి రక్తం ఇవ్వాలి. ఆ కాగితం మీద హెడ్డింగు చూసి మా మేరీ సిస్టరు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. "స్వచ్ఛంద రక్తదానం – తప్పనిసరి" అని ఉంది.

మేరీ సిస్టరు మా బ్లడ్ బ్యాంకు స్టాఫ్ నర్సు. వచ్చిన ప్రతివాణ్ణీ ముందు "ఏమైనా తిన్నారా?" అని అడగడం, తినకపోతే బయటికి తోలి ఇడ్లీ తినిపించి రప్పించడం ఆమె పని. ఆమె కళ్ళు గప్పడం ఎవరి వల్లా కాదు.

ఆర్డరు వచ్చాక మనుషులు వచ్చారు. అందరూ అటెండర్లు, డ్రైవర్లే. ఒక్క ఆఫీసరు రాలేదు. ఒకాయనకు బీపీ అట, ఒకాయనకు షుగరట, ఇంకొకాయన ఇంట్లో ఆచారం ఒప్పుకోదట. ఇలా ఉండగా ఒక పొద్దున్న మేరీ సిస్టరు ఒక బక్క మనిషి చెయ్యి పట్టుకుని నా గదిలోకి లాక్కొచ్చింది.

"నువ్వు మొన్న సహకార శాఖ కదా? ఇవాళ దేవాదాయ శాఖ ఎలా అయ్యావు?" అంది.

అతను చేతులు కట్టుకుని, "నానేటి సేత్తునమ్మా. మా ఆఫీసర్లిద్దరూ సుట్టాలు. ఆ బాబుకి మనుసులు తక్కువయ్యారని మా బాబు నన్ను అరువిచ్చినాడు," అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అతనికి ఇడ్లీలు పెట్టించి ఇంటికి పంపేసి, రిక్షా కట్టించుకుని నేరుగా రాఘవన్ గారి ఆఫీసుకు వెళ్ళాను. ఆసీనురాలిని కాకుండానే అంతా చెప్పేశాను. గొంతు కాస్త పెరిగే ఉంటుంది, బయట గుమస్తాలు తొంగి చూశారు.

ఆయన ఆ ఆర్డరు కాపీ తెప్పించుకున్నారు. మర్నాడు శాఖాధికారులందరినీ పిలిచి మీటింగు పెట్టారు. నన్నూ రమ్మన్నారు. అందరూ తమ తమ వారం లెక్కలు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. రాఘవన్ గారు లేచి నిలబడి, ఆ ఆర్డరు చేతిలోకి తీసుకుని, "ఈ ఉత్తర్వు వేసినవాడను నేనే. పొరపాటు నాది. మీలో ఎవరిదీ కాదు," అని దాన్ని అందరి ముందూ నిలువునా చింపేశారు.

"సార్, మరి రికార్డులో ఏమని రాయమంటారు?" అన్నారొకాయన.

"నా పొరపాటు అనే రాయండి."

తర్వాత నాతో వరండాలో నడుస్తూ, "డాక్టరు గారూ, నేను అడిగితే అది అడుగుట కాదు. నా వెనుక జీపు ఉంటుంది. జీపు వెనుక పోలీసు ఉంటాడు. మీరు ఎక్కడ శిబిరం పెట్టినా జీపు పంపెదను. నేను మాత్రం రాను," అన్నారు.

పిల్లలూ, ముందు ఆఫీసరు వేసిన ఆర్డర్లు చింపేవాళ్ళను నా సర్వీసులో బోలెడంతమందిని చూశాను. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ అదే మొదటి పని. తను వేసినదాన్ని తనే చింపినవాణ్ణి ఈయన్నొక్కణ్ణే చూశాను. ప్రభుత్వంలో పనిచెయ్యబోయే వాళ్ళు ఆ పని ముందు నేర్చుకోండి. మిగతావి ఎలాగూ వచ్చేస్తాయి.

తాళ్ళ కొట్టు

నూకరత్నానికి ఆయాసం ఎక్కువవుతోంది. అవధాని గారు పొద్దున్నే రౌండ్సులో ఆమె మంచం దగ్గర నిలబడి నా వైపు చూసేవారు.  ఆ చూపు కంటే నాలుగు తిట్లు తిన్నా బాగుండేది.

ఒడ్డున ఉన్న పేటలన్నిటికీ వలలు, తాళ్ళు, టార్పాలిన్లు అమ్మే కరీం సాహెబ్ కొట్టు వన్ టౌన్‌లో ఉండేది. మూడు తరాల వ్యాపారం వాళ్ళది. ఉత్త కొట్టే కాదు, ఎవరైనా కొత్త పడవ కట్టుకుంటే అందులో ఆయనా డబ్బు పెట్టేవాడు. ఆ ఒడ్డున ఆయన వాటా లేని పడవ తక్కువ. ఆయన చేత ఒక మాట చెప్పిస్తే మగాళ్ళందరూ వచ్చి తీరతారని నా ఎత్తు. ఆ ఇరుకు సందులో ఆటో దిగి, కొత్త తాడు కంపు, తారు కంపు మధ్య కూర్చుని విషయం చెప్పాను.

ఆయన టీ తెప్పించి, అంతా విని, తల అడ్డంగా ఊపాడు. "కుదరదమ్మా," అన్నాడు.

"ఒక్క మాటే కదా సాహెబ్ గారూ! ఒక మనిషి ప్రాణం!"

"అదేనమ్మా. నా దగ్గర వల తీసుకున్నోడిని నాను రగతం అడిగితే, ఆడు కాదంతాడేటి? తప్పక ఇత్తాడు. ఇచ్చినాక మళ్ళీ నా మొహం సూడడు. అల్లాకి నానేటి జవాబు సెప్పుకోవాలి?"

రాఘవన్ గారు చెప్పిందే ఇది. నేను వారం తిరక్కుండా మర్చిపోయి, జీపు బదులు తాడు పట్టుకోబోయాను. లేవబోతుంటే ఆయనే కూర్చోమన్నాడు.

"ఇంతకీ ఎవుల్ని అడిగినావు?"

"మొగుణ్ణి. పెద్దల్ని."

"అంతా మొగోళ్ళేనా?" అని నవ్వాడు. "బేటీ, నాను పడవలో పైసా పెట్టాలంటే ముందు ఏటి సేత్తానో తెలుసా? పడవ సూడను. ఆ ఇంటికెల్లి గుమ్మంలో కూకుంటాను. మొగోడు సేపలు పడతాడు, ఆడమనిసి అమ్ముతాది. పడవ పోతే ఆడు ఇంకో పడవెక్కుతాడు. ఇంట్లో పొయ్యి ఆరేది ఆమెకి. లాబం వస్తే ఎంతని అందరూ లెక్కలేత్తారు. నష్టం వస్తే ఎవుల మీద పడతాదో నాను అది సూత్తాను. ఆ మనిసి సరేనంటేనే నా పైసా కదుల్తాది. ఆ కోడలు పిల్ల పోతే ఎవులింట్లో పొయ్యి ఆరతాది? ఆ మనిసిని అడిగినావేటి?"

అడగలేదు. నూకరత్నం అత్త పోలమ్మ వారం వారం చూడ్డానికొచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుని వెళ్ళేది. ఆమెతో నేను నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు.

మధ్యలో ఒక మాట చెప్పాలి. ఎనభైల్లో అందరికీ షేర్ల పిచ్చి పట్టింది. మా ఆయనా ఒక కొత్త కంపెనీ షేర్లకు అప్లికేషన్లు నింపుతూ కూర్చున్నారు. "ఆ కంపెనీ మునిగితే ఎవరి పొయ్యి ఆరుతుందో ఒకసారి చూసొద్దాం రండి," అని బలవంతంగా తీసుకెళ్ళాను. కాగితంలో అచ్చేసిన అడ్రసులో ఒక టైలరు కొట్టుంది. ఆ టైలరుకు కంపెనీ సంగతే తెలియదు. ఆ దెబ్బతో మా ఇంట్లో ఆ పిచ్చి వదిలింది. తర్వాత టీవీల్లో సూట్లు వేసుకుని పెట్టుబడుల గురించి చెప్పేవాళ్ళను చాలామందిని విన్నాను. తాళ్ళ కొట్టు గద్దె మీద ఆయన చెప్పినదానికంటే కొత్తగా ఎవరూ ఏమీ చెప్పలేదు.

సోమవారం

పోలమ్మ బజార్లో చేపల గంప ముందు కూర్చుని ఉంది. భారీ మనిషి. బేరమాడుతున్న ఒకాయన్ని "ఎల్లవయ్యా ఎల్లు, నీకు సేపెందుకు, ముళ్ళు సాలు," అని తోలేస్తోంది. నేను పక్కనే గట్టు మీద కూర్చుని మొదట్నుంచీ చెప్పాను. ఆమె చేతిలో కత్తి ఆగింది.

"ఇన్నాళ్ళూ నన్నడగనేదేటమ్మా?"

"ఎర్రయ్యను అడిగాను కదా."

"ఆడినా? ఓలమ్మా! ఆడికి తలూపడం తప్ప ఏటొచ్చు?" అంది. చేపల మీద నీళ్ళు చల్లుతూ, "ఆల్లకి బయమమ్మా. రగతం తీస్తే సత్తువ పోతాది, మళ్ళీ తెడ్డు లాగలేమని. నాకూ బయమే. నిజం సెప్తన్నాను. ఆ బయం ఎవులు తీరుస్తారు?" అంది.

నా నోటికి అడ్డూ అదుపూ ఉండదు కదా. "మా పెద్ద డాక్టరుగారే మీ అందరి ముందూ మొదట ఇస్తారు," అనేశాను.

"ఐతే సోమారం రండి. ఆ రోజు మావోల్లు ఏటకెల్లరు. వలలు బాగుసేసుకుంటా ఒడ్డునే ఉంటారు."

అవధాని గారికి భయపడుతూ చెబితే, "ఇస్తానమ్మా, దానికేముంది!" అన్నారు. అది కార్తీక మాసం. ఆ సోమవారం కార్తీక సోమవారం. ఆయన సంగతి తెలిసిన మాకెవరికీ అది తట్టలేదు. ఆయనకు తట్టినా చెప్పలేదు.

రాఘవన్ గారు మాట ప్రకారం జీపు పంపారు, తను రాలేదు. కరీం సాహెబ్ ఒక పెద్ద టార్పాలిన్ పంపాడు, ఎవరిదో చెప్పొద్దన్నాడు. ఇసకలో గుంజలు పాతి నీడ వేశాం, మడత మంచాలు పరిచాం. మగాళ్ళు దూరంగా వలల దగ్గర కూర్చుని మా వంక చూస్తున్నారు. ఆడవాళ్ళు దగ్గరికొచ్చి నిలబడ్డారు. గ్రూపు పరీక్షకు వేలి మీద చిన్న పోటు కదా అని కొందరు కుర్రాళ్ళు ముందుకొచ్చారు. మేరీ సిస్టరు ఒక్కొక్కణ్ణీ ఆపి, "ఏమైనా తిన్నావా? ఏం తిన్నావు? ఎప్పుడు తిన్నావు?" అని అడుగుతోంది. అవధాని గారు రాగానే లేచి నిలబడి నమస్కారం పెట్టి, ఆయన్ని నేరుగా మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. సూపరింటెండెంటును తిన్నారా అని ఎవరడుగుతారు?

ఆయన హాయిగా పడుకుని, జోకులేస్తూ సీసా నిండేదాకా ఇచ్చారు. ఇంకాసేపు పడుకోమంటే వినకుండా లేచారు. "చూశారా! ఏమైంది నాకు?" అంటూ రెండు చేతులూ పైకెత్తి ఉపన్యాసం మొదలుపెట్టారు. రెండో వాక్యంలోనే కళ్ళు తేలేసి, నిలువునా ఇసకలో కూలబడ్డారు.

 వలల దగ్గర్నుంచి ఒక కుర్రాడు, "ఒరే బావా! పెద్ద డాక్టరే పడిపోనాడురా! మనమేటవుతాం? పదండెహె!" అన్నాడు. మగాళ్ళందరూ లేచారు. గ్రూపు చూపించుకున్నవాళ్ళు వేళ్ళు నోట్లో పెట్టుకుని జారుకోవడం మొదలుపెట్టారు.  నూకరత్నం మొహం కళ్ళ ముందుకొచ్చింది. అయిపోయింది, ఇక ఈ ఒడ్డున ఒక్కడు చెయ్యి చాపడు అనుకున్నాను.

మేరీ సిస్టరు ఆయన కాళ్ళు ఎత్తి పట్టుకుని, మొహాన నీళ్ళు కొడుతూ, "ఏం లేదు, ఎండ, ఎండకి అంతే!" అని అరుస్తోంది. ఆయన కళ్ళు తెరిచారు. చెయ్యెత్తి ఆమెను ఆపారు. లేచి కూర్చుని, తల మీద ఇసకతోనే, ఆ పెద్ద గొంతుతో, "ఎండ కాదు," అన్నారు. "నేను పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఇవాళ నాకు ఉపవాసం. తినకుండా ఇవ్వకూడదని అందరికీ చెప్పేవాణ్ణి నేనే. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. తప్పు రక్తానిది కాదు, నాది."

పోలమ్మ గట్టిగా నవ్వింది. చుట్టూ ఆడవాళ్ళందరూ పకపకా నవ్వారు. ఆమె వచ్చి ఆయన ముందు చతికిలబడి, కన్నకొడుకును తిట్టినట్టు తిట్టింది.

"ఏటి బాబూ! ఇంత సదువూ సదివి కాళీ కడుపుతోటి వొస్తావేటి? మా వోల్లలో బుద్దున్నోడెవుడైనా కూడు తినకుండా పడవెక్కుతాడేటి?" కొబ్బరిబొండం కొట్టించి చేతికిచ్చింది. ఆయన ఒక్క గుక్కలో తాగేశారు. అరటిపళ్ళిస్తే అవీ తిన్నారు.

"ఉపవాసం పోయిందండీ," అన్నాను మెల్లగా.

"శివుడితో నేను మాట్లాడుకుంటానులే," అన్నారు.

అప్పుడు పోలమ్మ నవ్వు ఆపేసింది. ఆయన మొహంలోకి సూటిగా చూసింది. "బాబూ, ఒకటడుగుతాను. మా ఆడపడుసుకి జబ్బు సేసినప్పుడు ఆస్పత్రిలో పొద్దున్న 'బాగుంది' అన్నారు, మద్దేనం 'బాగుంది' అన్నారు. సాయంత్రం సవాన్ని ఇచ్చినారు. ఒక్కడు నిజం సెప్పనేదు. నువ్వు పడిపోనావు, పడిపోనాననే సెప్పినావు. రేపు నా కోడల్ని కోసినప్పుడు ఏటైనా తేడా వొస్తే, ఇలగే సెప్తావా?"

అవధాని గారు అరటితొక్కలు పక్కన పెట్టారు. తర్వాత, "చెప్తాను. అందరికంటే ముందు నీకే చెప్తాను," అన్నారు.

పోలమ్మ లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, మంచం మీద పడుకుని చెయ్యి చాపింది. "నాను తిన్నాను. సద్దికూడు, రొయ్యల పులుసు. తీసుకో," అంది మేరీ సిస్టరుతో.

ఆమె వెనక ఆ పేట ఆడవాళ్ళు వరసగా వచ్చారు. వాళ్ళను చూసి సిగ్గుపడి మగాళ్ళు కొందరు వచ్చారు. జారుకున్నవాళ్ళు జారుకోనే జారుకున్నారు, అబద్ధమెందుకు. అయినా మా ఐసు పెట్టె సీసాలతో నిండింది. తిరిగొచ్చేటప్పుడు జీపులో అవధాని గారు జేబురుమాలుతో తల మీద ఇసక దులుపుకుంటూ, "ఇకమీదట నన్ను కూడా అడగాలమ్మా," అన్నారు మేరీ సిస్టరుతో. ఆయన్ని అడగనందుకు ఆవిడ ఇంకా ఏడుస్తూనే ఉంది.

వరండా

ఆపరేషన్ రోజు పొద్దున్నే నూకరత్నాన్ని లోపలికి తీసుకెళ్ళారు. ఆ రోజుల్లో గుండెను ఆపకుండానే, అది కొట్టుకుంటూ ఉండగానే, పక్కన చిన్న గాటు పెట్టి అందులోంచి సర్జను తన వేలు లోపలికి పోనిచ్చి, మూసుకుపోయిన కవాటాన్ని వేలితోనే తెరిచేవారు. కంటికి ఏమీ కనబడదు. అంతా ఆ వేలికి తెలియాల్సిందే. నేను రక్తం సీసాలతో థియేటరు పక్క గదిలో ఉన్నాను.

కవాటం తెరుచుకుంది. తలుపు సందులోంచి "తెరుచుకుంది" అన్న ఆయన గొంతు విన్నాను. ఆ వెంటనే అందరూ ఒక్కసారిగా మాట్లాడ్డం మొదలుపెట్టారు. వేలు బయటికి తీస్తుంటే గాటు దగ్గర గుండె గోడ చిరిగింది. ఏళ్ళ తరబడి జబ్బుతో పలచబడిపోయిన గోడ అది. నా సీసాలు ఒకదాని వెనక ఒకటి లోపలికి వెళ్ళిపోతున్నాయి. అవధాని గారు ఆ చిరుగు మీద వేలు నొక్కిపట్టి, మరో చేత్తో కుట్లు వేస్తున్నారు. తల తిప్పకుండానే నన్ను పిలిచారు.

"ఇంకా కావాలి. బయట పోలమ్మ ఉంటుంది. వెళ్ళి చెప్పండి."

మత్తు డాక్టరు, "ఇప్పుడెందుకండీ? అంతా అయ్యాక చెప్పొచ్చు," అన్నాడు. అప్పటి పద్ధతి అదే. అందరం అలాగే చేసేవాళ్ళం.

"ఇప్పుడే చెప్పండి. చిరిగిందని చెప్పండి. నా వేలి కిందే చిరిగిందని చెప్పండి. దాచకండి."

నేను బయటికి నడిచాను. ఆ కొద్ది దూరం నడవడం నాకెంత కష్టమైందో చెప్పలేను. చావు కబురు చెప్పడం కంటే కష్టం. బతుకుతుందో లేదో తెలియకుండా ఏమని చెప్పాలి? వరండాలోకి రాగానే ఆగిపోయాను. నిండా మనుషులు. పేటంతా లారీ ఎక్కి వచ్చేసినట్టుంది. ముందు వరసలో ఎర్రయ్య, వాడి పక్కన ఆ రోజు "పదండెహె" అన్న కుర్రాడు, వాడి వెనక వేళ్ళు నోట్లో పెట్టుకుని జారుకున్నవాళ్ళందరూ గోడకు చేరగిలబడి ఉన్నారు. పోలమ్మ నేల మీద కూర్చుని ఉంది. నేను ఆమె ముందు కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చిరిగింది, రక్తం పోతోంది, కుడుతున్నారు, బతుకుతుందో లేదో ఇంకా తెలియదు.

 పోలమ్మ కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని లేచి, మగాళ్ళ వైపు తిరిగింది.

"అందరికీ కూడెట్టే తెచ్చినాను. ఈ గుంటలు ఆ రోజు పారిపోనారు కదా, ఈల్లది ఇంకా ఈల్ల దగ్గిరే ఉంది. ఎవుల్ది సరిపోతాదో సూసి తీసుకో," అంది.

ఆ రోజు చూపించుకున్నవాళ్ళ గ్రూపులు మా దగ్గర ఉండనే ఉన్నాయి, మిగతావాళ్ళవి అక్కడికక్కడే చూశాం. సరిపోయేవాళ్ళను పేరు పెట్టి పిలుస్తుంటే చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చారు. మేరీ సిస్టరు తిన్నారా అని అడగబోతే, ఆ కుర్రాడు "తిననిచ్చిందేటి, కుక్కింది!" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాం. వేడి వేడి రక్తం సీసాల్లో పట్టి, పరీక్ష చేసి, పరిగెత్తుకుంటూ లోపలికి అందించాం. బీపీ పడుతూ లేస్తూ, చివరికి నిలబడింది. కుట్లు పట్టాయి.

అవధాని గారు గౌనుతోనే బయటికొచ్చారు. ఎర్రయ్య ఎదురెళ్ళాడు, పేట పెద్దలు ఎదురెళ్ళారు. ఆయన వాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుని నేరుగా పోలమ్మ దగ్గరికి వెళ్ళి, ఆమె పక్కన నేల మీదే కూర్చున్నారు.

"బతికింది," అన్నారు. "ఇవాళ, రేపు జాగ్రత్తగా చూడాలి. గండం పూర్తిగా గట్టెక్కలేదు. మధ్యలో నా వేలి కింద చిరిగింది. చాలాసేపు ఆ వేలితోనే నొక్కి పట్టుకుని కుట్టాను."

పోలమ్మ ఆయన చేతుల వంక చూసింది.

"ఏ ఏలు బాబూ?"

ఆయన చూపుడువేలు చాపారు. ఉప్పూ చేపా ఒరుసుకుని మొద్దుబారిన తన రెండు చేతులతో పోలమ్మ ఆ వేలిని పట్టుకుని, ఒక కంటికీ, తర్వాత రెండో కంటికీ అద్దుకుంది. అలాగే పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. లోపల ఆయన కోసం ఇంకో ఆపరేషన్ ఎదురుచూస్తోంది, జూనియర్లు రెండుసార్లు వచ్చి పిలిచారు. అవధాని గారు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.